రెక్కల పాముకు గొంతు పోయిన రోజులు

ఆత్మకూరు డేరా టాకీసులో ఆ రోజు రెక్కల పాము గర్జించాల్సిన చోట కీచుమంది. నా గొంతులో ఏదో తేడా ఉందని అప్పుడే తెలిసింది.

ముందు నా పని చెప్పాలి. ఎనభైలలో మా పెంచలయ్య టూరింగ్ టాకీసు ఉదయగిరిలో కొన్నాళ్లు, ఆత్మకూరులో కొన్నాళ్లు ఆడేది. ఇంగ్లీషు సినిమా వస్తే తెర వెనక మైకు పట్టుకుని అందరికీ తెలుగులో గొంతిచ్చేది నేనే. ఒక ఏడాది జపాను వాళ్లు గీసిన బొమ్మల సినిమా ఇంగ్లీషు మాటలతో వచ్చింది. అందులో ఒక పిల్లవాడు, వాడి అవ్వ, ఒక రెక్కల పాము. నాకు ఇంగ్లీషు రాదు. పెదవులు కదిలినంతసేపు నేను సొంతంగా కథ అల్లి మాట్లాడాలి, అంతే. ఉదయగిరిలో ఆ పాము పిల్లవాడి మేనమామ, ఆత్మకూరులో పన్నులు వసూలు చేసే అధికారి. నేను గర్జిస్తే ఎక్కడో అనంతసాగరం ఊళ్లో ఎద్దులు కట్టుకొయ్యలు పీక్కునేవి. నమ్మకపోతే ఆ ఎద్దులనే అడగండి.

ఆ కీచు తర్వాత పట్టుకున్న బొంగురు వారాల తరబడి తగ్గలేదు. మిరియాల కషాయం తాగాను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. అవ్వ గొంతు మాత్రం మునుపటికంటే బాగా కుదరడంతో పెద్దగా పట్టించుకోలేదు.

"ఏందిరా ఖాదరూ, పిల్లోడు గూడా ముసలోడైపోయినాడే!" అన్నాడు పెంచలయ్య. "జనం నవ్వతా ఉండారు. చూపించుకుంటావా, ఇంకో మనిషిని పెట్టుకోమంటావా?"

నా భార్య షమీమ్ నన్ను నెల్లూరు తీసుకెళ్లింది. ఇ.ఎన్.టి. డాక్టరమ్మ నాలుక పట్టుకుని, చిన్న అద్దం లోపలికి పెట్టి "'ఈ...' అనండి" అంది. అలవాటుకొద్దీ పిల్లవాడి గొంతుతో అన్నాను.

"అది కాదు, మీ గొంతుతో."

ఈసారి అవ్వ గొంతు వచ్చింది.

"ఇంట్లో ఏ గొంతుతో మాట్లాడతారండీ ఈయన?"

"ఇంట్లో మాట్లాడేది నేనే మేడం," అంది షమీమ్.

డాక్టరమ్మ నవ్వి, మళ్లీ చూసి, నవ్వు ఆపేసింది. "వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉంది, చిన్న కండలాగా. ఆపరేషన్ చేసి తీసి, బయాప్సీకి పంపాలి."

"క్యాన్సరా?"

"అరుపుల వల్ల వచ్చిందనే అనుకుంటున్నా. రిపోర్టు రాకుండా మాత్రం చెప్పను."

ఆపరేషన్ అయింది. రిపోర్టు వచ్చేదాకా నాకు ఏ కథా అల్లబుద్ధి కాలేదు. చివరికి 'బినైన్' అని, అంటే క్యాన్సర్ కాదని వచ్చింది. "ఇక వాయిస్ రెస్ట్. నేను చెప్పేదాకా ఒక్క మాట కూడా వద్దు," అంది డాక్టరమ్మ.

తెర వెనక ఎవరూ చూడరు కదా అని షమీమ్ మైకు అందుకుంది. పక్కనే కూర్చుని ప్రతి మాటా ఆమె చెవిలో ఊదాను.

తర్వాత చెకప్‌లో డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. "వాపు అలాగే ఉందే. మాట్లాడారా?"

లేదని తల ఊపాను.

"మాట్లాడలా మేడం. గుసగుసగా చెప్తా ఉండాడు, అంతే," అంది షమీమ్.

"అంతేనా! గుసగుసలాడితే కార్డ్స్ ఇంకా బిగుసుకుంటాయి. ఇలాగే చేస్తే గొంతు తిరిగి రాదు."

ఆ సాయంత్రం షమీమ్ నన్ను తెర వెనక నుంచి తరిమింది. "పో, ముందర బెంచీ మీద కూర్చో. పాము సంగతి నేను చూసుకుంటా."

అన్నాళ్లూ తెర వెనక నుంచి తిరగబడ్డ బొమ్మ చూడడంతో ఆ పిల్లవాడిది ఎడమచేతి వాటం అనుకున్నాను. కత్తి పట్టింది కుడిచేత్తోనే! ఇంకేమేం తప్పు చూశానోనని కళ్లు పెద్దవి చేసుకున్నాను. పాము నోరు తెరిచింది.

"ఒరే, అన్నం తినకుండా కత్తి పట్టుకోని యాడికిరా?"

డేరా అంతా గొల్లుమంది. నవ్వు రాకుండా రెండు చేతులతో నోరు మూసుకున్నాను. అప్పుడు చూశాను పాము కళ్లు. అన్ని ఆటలు గర్జించాను గానీ, దానికసలు కోపమే లేదు.

తర్వాత స్పీచ్ థెరపీలో, కడుపులోంచి ఊపిరి తీసి మెల్లగా మాట్లాడడం నేర్పారు. మాట వచ్చింది. గర్జన రాలేదు. అప్పటినుంచి పిల్లవాడూ అవ్వా నా వంతు, పాము షమీమ్‌ది. అనంతసాగరం ఎద్దులు నిమ్మళంగా మేశాయి.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు మాట్లాడొద్దంటే గుసగుస కూడా వద్దు. రాసి చూపడానికి పలక ఒకటి కొనుక్కోండి. మీ పాముకు ఇంకెవరో గొంతిస్తుంటే, ముందు బెంచీ మీద కూర్చుని వినండి.