గడియ వేసిన వ్యానులో చల్లదనం

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే లేచి వంట చూసుకోవడానికి పోయే రకం నేను. మా వీధిలో ఇద్దరు ముగ్గురికి పట్టిన దయ్యాలను నిమ్మకాయ కూడా లేకుండా, ఉత్త తిట్లతో వదిలించినదాన్ని. ఇప్పటికీ నా నమ్మకం మారలేదు. ఈ ఒక్కటి మాత్రం ఎంత ఆలోచించినా తెగడం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చిత్తూరు. మా ఆయన లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. ఒక పాత వ్యాను కొని, లోపల రెండు బల్లలు, చిన్న గ్యాసు పొయ్యి పెట్టి ఇల్లులాగా కట్టాడు. ఏసీ లేదు. దాన్ని చల్లగా ఉంచే పని నాది, ఆ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా. పైన తెల్ల రంగు, వేడి పోవడానికి కప్పులో కంత, కిటికీల మీద బయటినుంచి తడి గోనెపట్టలు. బండిని గాలి వచ్చే వైపు తిప్పి, నీడ చూసి నిలపాలి. గోనె తడిగా ఉన్నంతసేపు, ఏసీ కార్లలో తిరిగేవాళ్లు కూడా మా బల్ల మీద కూర్చుంటే లేవరు.

పోయిన మామిడి సీజనులో మా నాయనను బంగారుపాళ్యం దగ్గర ఒక తోటకు తీసుకెళ్లాం. వయసులో ఉన్నప్పుడు ఆయన గుత్తకు తీసుకున్న తోట అది. పక్షవాతం వచ్చి తగ్గింది కానీ కుడి కాలు, కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఒక్క పూట ఆ చెట్ల కింద పడుకోవాలని ఆయన ఆశ. ఈ ఎండల్లో వద్దని డాక్టరు చెప్పాడు, మా అన్నలు కోప్పడ్డారు. నేనున్నాను కదా అని బయలుదేరదీశాను.

కాయలు కోసేసిన తోట, మనిషి అలికిడి లేదు. పగలు అన్నం తిని నాయన నిద్రపోయాడు. గోనెలకు పోసి పోసి క్యాన్లు ఖాళీ అయ్యాయి. తోటలో బోరు ఎండిపోయి ఉంది. నీడ తిరిగేలోపు వచ్చేద్దామని, ఇద్దరం క్యాన్లు తీసుకుని రోడ్డు అవతల మామిడి పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న కుళాయికి నడిచాం. అక్కడ చూస్తే కాయల ట్రాక్టర్లు కనుచూపుమేర బారులు తీరి ఉన్నాయి, డ్రైవర్లందరికీ అదొక్కటే కుళాయి. చాలాసేపు నిలబడ్డాం.

ఎందుకో అనుమానం వచ్చి, వెనక తలుపు ఊరికే దగ్గరికి వేసి వచ్చావా అని మా ఆయనను అడిగాను. లేదు, గడియ వేసేశానన్నాడు. ఆ తలుపుకు ఆయన లారీ గడియే బిగించాడు. అది బయటినుంచి తప్ప రాదు. గడియ వేసి, పిన్ను దూర్చి, ఊడకుండా దానికి సన్న ఇనుప తీగ, అదే కమ్మీ, చుట్టి మెలిపెట్టడం షెడ్డువాళ్ల చేతికి పట్టిన అలవాటు. లారీలో ఉండేది సరుకే కదా, లోపలినుంచి తీసేదెవరు? ముందు సీట్లకూ లోపలికీ మధ్య చెక్క గోడ. కిటికీలకు ఇనుప జాలీ.

నేను క్యాను అక్కడే పడేసి పరిగెత్తాను. ఒక చెప్పు ఎక్కడ ఊడిపోయిందో తెలీదు. నాయన లేచి, ఆ కాలుతో తలుపు కోసం తడుముకుంటూ పడిపోతే? ఆ వేడికి గుండె ఆగిపోతే? ‘లేవద్దు నాయనా, వస్తా ఉండా’ అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. పైకి అనడానికి ఊపిరి కూడా లేదు.

వ్యాను నడి ఎండలో ఉంది. రేకు మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. కానీ గోనెపట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. కింద మట్టి బురదయింది. మా ఆయన వెనకే వగరుస్తూ వచ్చి, కమ్మీ మెలి విప్పి తలుపు తీశాడు.

లోపల చల్లగా ఉంది. నాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, గుండెల మీద తడి తుండుగుడ్డ. నన్ను చూసి నవ్వాడు.

“ఇంగ సాల్లేమ్మా, సలి పుడతా ఉండాది.”

ఏం జరిగిందని అడిగాను. మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా కాలిపోతోందట. లేవబోతుంటే నేనే వచ్చి భుజం పట్టి పడుకోబెట్టి, తుండుగుడ్డ తడిపి కప్పానట.

“పక్కనే నిలబడుకోని, లేవద్దు నాయనా, వస్తా ఉండా అంటివే. వచ్చినదానివి మళ్లా వస్తా ఉండా అంటావేమే అనుకుంటి.”

అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాను.

తర్వాత మామూలు మనిషినై అన్నీ వెతికాను. పక్క తోట కాపలా మనిషిని అడిగితే, తాగడానికే నీళ్లు లేక తాను కూడా ఫ్యాక్టరీ కుళాయి దగ్గరికే పోతున్నానన్నాడు. దారినపోయేవాళ్లు ఎవరో జాలిపడి గోనెల మీద పోశారనుకుందాం. మరి లోపలి తుండుగుడ్డ? తలుపు తీసి మళ్లీ వేశారనుకుందామంటే, ఆ కమ్మీ మెలి తన చేతిదేనని మా ఆయన ఒట్టు వేసి చెబుతాడు. ఎవరి మెలి వాళ్లకు తెలుస్తుందట. కల అనుకుందామంటే, ఆ తుండును పిండి ఆరేసింది నేనే.

ఆ గడియ మర్నాడే పీకించాను. ఏసీ మాత్రం ఇప్పటికీ పెట్టించలేదు, అవసరం లేదు.

ఈ సీజనులో మళ్లీ ఆ తోటకు పోదామంటున్నాడు నాయన. అన్నలు వద్దంటే, నా కూతురు ఉండాది, నాకేం బయం అని వాళ్ల నోరు మూయిస్తున్నాడు. పోతాం, కొత్త గోనెలు కుట్టి పెట్టాను. ఆ రోజు వచ్చింది నేను కాదని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. చెబుదామని నోటిదాకా వస్తుంది. కానీ ఆయన నా చెయ్యి పట్టుకుని, ఆ పొద్దు నన్ను పడుకోబెట్టింది ఈ చెయ్యే అని చూపిస్తుంటే, కాదని అనడానికి నాకే ధైర్యం చాలడం లేదు.