నాలుగో ఎర్రగీత

జుమ్మా రోజు పొద్దున్నే భోజన్న ఒక ముసలి కుక్క చెవిలో దూది పెట్టి చీము తీస్తున్నాడు. ఆ కంపుకు ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు. కుక్క మేజర్ సాబ్‌ది. సౌదీలోని తబూక్‌లో, భోజన్న పనిచేసే కంపెనీ పెద్దలుండే కాంపౌండులో మేజర్ సాబ్ విల్లా, దాని వెనక వరండా. చెవుల పని అయ్యాక ఒళ్లంతా షాంపూ రుద్దాలి, కాళ్ల సందుల్లో పేలు ఏరాలి. కిటికీలోంచి మేమ్‌సాబ్ "పొట్ట కింద మర్చిపోకు" అని హిందీలో గుర్తు చేస్తోంది.

వారంలో ఆరు రోజులు ఏసీలు బాగుచేసే మనిషికి ఉన్న ఒక్క సెలవూ ఇట్లా తగలబడటం ఇది ఆరోసారి. భోజన్నకు కుక్క మీద కోపం లేదు. నోరులేని జీవి, మధ్యమధ్య చెయ్యి నాకుతోంది. అతనికి రోత పుడుతున్నది తన మీద తనకే. ఎందుకంటే, ఇదే మేజర్ ఇంట్లో అప్పటి కుక్కకు నీళ్లు పొయ్యనన్నందుకే పదిహేనేళ్ల కింద మిలట్రీ అతన్ని ఇంటికి తరిమింది.

మెట్‌పల్లి దిక్కు పల్లె భోజన్నది. పంతొమ్మిదేళ్లకు సిపాయి అయి పదకొండేళ్లు చేశాడు. మంచులో కాపలా కాశాడు, చలికి ఒక కాలి గోళ్లు రెండు పోగొట్టుకున్నాడు. సిపాయికి గట్టి శిక్ష పడితే దాన్ని అతని రికార్డులో ఎర్ర సిరాతో రాస్తారు. అట్లాంటివి నాలుగు పడితే ఇక నువ్వు పనికిరావని పంపించెయ్యొచ్చు. మొదటి మూడూ భోజన్న సొంత సంపాదన. నాయన పోయినప్పుడు సెలవు దాటి తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు. ఒకసారి రమ్ము తాగి కాపలా చోటే నిద్రపోయాడు. ఇంకోసారి ఒక హవల్దారు మూతి పగలగొట్టాడు. "గా మూడు నాయే, ఎవ్వలి మీద తొయ్య" అని ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

నాలుగోదే అతని గొంతులో ముల్లు. మేజర్ ఇంట్లో డ్యూటీ వేశారు. బూట్లకు పాలిష్ పట్టాడు, కూరగాయలు మోశాడు, మేమ్‌సాబ్ చీరలు ఆరేశాడు. కుక్కకు స్నానం చేయించమని రెండుసార్లు అంటే విననట్టు తప్పుకున్నాడు. మూడోసారి మేజర్ నలుగురు సిపాయిల ముందు పిలిచి మరీ చెప్పాడు. భోజన్న సావధాన్‌లో నిలబడి, "నహీ సాబ్" అన్నాడు. అన్నది ఆ రెండు మాటలే.

కానీ నేరం రాసిన కాగితంలో కుక్క లేదు! "పై అధికారి చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించాడు" అని ఉంది. ఆ ఆజ్ఞ ఏమిటని ఎవడూ అడగలేదు, ఎవడూ రాయలేదు. పద్నాలుగు రోజులు లోపల పడేశారు, నాలుగో ఎర్రగీత గీశారు, కొన్నాళ్లకు డిశ్చార్జి పుస్తకం చేతికిచ్చారు. అందులో కారణం దగ్గర ఉన్న ముక్క: సేవలు ఇక అవసరం లేవు.

ఆ పుస్తకం పట్టుకుని హైదరాబాద్‌లో ఒక సెక్యూరిటీ ఏజెన్సీకి పోతే, అక్కడి గుమస్తా ఆ ముక్కను వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చదివాడు. చదివి, పుస్తకాన్ని చేత్తో ఇవ్వకుండా స్కేలుతో బల్ల మీద ఇవతలికి నెట్టాడు. భోజన్నకు తల కొట్టేసినట్టయింది. ఆ స్కేలు ఈనాటికీ కళ్ల ముందు నుంచి పోలేదు. తర్వాత ఏసీ పని నేర్చుకుని, తాను మిలట్రీలో చేశానని ఎవరికీ చెప్పకుండా, లేబర్ వీసా మీద సౌదీ వచ్చి పడ్డాడు.

అతనికి కావలసింది ఒక్కటే, ఆ ముక్క మారాలి. సికింద్రాబాద్‌లో ఒక వకీలు కేసు చూశాడు. అధికారి సొంత కుక్కను కడగమనడం చట్టబద్ధమైన ఆజ్ఞ కాదని, ఆ లెక్కన నాలుగో శిక్ష కొట్టేయిస్తే డిశ్చార్జి కారణం కూడా మార్చమని మిలట్రీ ట్రిబ్యునల్‌ను గట్టిగా అడగొచ్చన్నాడు. కానీ ఆ ఆజ్ఞ కుక్క స్నానమేనని రుజువేది? ఆనాటి నలుగురు సిపాయిల్లో ఇద్దరు ఫోనే ఎత్తలేదు. ఒకడు చచ్చిపోయాడు. నాలుగోవాడు "నా కొడుకు మిలట్రీలనే ఉన్నడు, నన్ను గుంజకు భోజన్నా" అని ఏడుపు గొంతు పెట్టాడు.

అట్లా దారులన్నీ మూసుకున్నాక, పోయిన చలికాలం కంపెనీకి కొత్త మేనేజర్ వచ్చాడు. చూస్తే ఆ మేజరే. పొట్ట పెరిగింది, మీసం తెల్లబడింది, గొంతు మాత్రం మారలేదు. అతన్ని చూడగానే భోజన్న చెయ్యి తనంతట తానే లేచి సెల్యూట్ కొట్టింది. ఆ చేతిని నరుక్కోవాలన్నంత అసహ్యమేసింది భోజన్నకు.

అయినా వెళ్లి అడిగాడు. ఆ రోజు ఇచ్చిన ఆజ్ఞ ఏమిటో ఉన్నదున్నట్టు రాసివ్వమన్నాడు. మేజర్ సాబ్ పళ్లికిలించాడు. పాత సంగతులు తవ్వుకోవడమెందుకన్నాడు. మంచి కాగితం ఒకటి రాసిస్తాలే అన్నాడు. ఆ నోటితోనే, ఇంట్లో పనిచేసే బంగ్లాదేశీ వెళ్లిపోయాడనీ, కుక్క పాపం దురదతో చస్తోందనీ, జుమ్మాకు ఒకసారి వచ్చి పొమ్మనీ అన్నాడు. కాగితం కోసం ఒక్క వారమే కదా అనుకున్నాడు భోజన్న. ఒకటి ఆరు అయింది.

ఆ ఆరో జుమ్మా నాడు, తడి లాగు ఇంకా ఆరకముందే, మేజర్ సాబ్ కవరు ఇచ్చాడు. భుజం తట్టి, "నీ బతుకు బాగుచేశాను పో" అన్నాడు. భోజన్న నేరుగా ఇస్సాక్ దుకాణానికి పోయాడు. ఇస్సాక్‌ది రాయచోటి. ఇకామా అనే నివాస పర్మిట్ల ఫారాలు, అరబ్బీ అర్జీలు టైపు చేసి పెడతాడు. భోజన్న కేసు కాగితాలన్నీ వకీలుకు పంపేది అతనే.

ఇంగ్లీషు ఉత్తరం చదువుతూ చదువుతూ ఇస్సాక్ ముఖం మాడ్చుకున్నాడు.

"ఏందప్పా ఈ పెద్దమనిషి ఇట్లా రాసినాడు!"

"ఏం రాసిండు ఇస్సాక్ భాయ్? సాఫ్ చెప్పు."

ఇస్సాక్ తెలుగులో చదివాడు. "ఈ భోజన్న నా కింద పనిచేసినాడు. ఒట్టి మొండోడు. నా పెంపుడు కుక్కకు స్నానం చేయించమని నేను మూడుసార్లు ఆజ్ఞ ఇచ్చినా చేయలేదు. అందుకే ఆయప్పకు నాలుగో శిక్ష పడింది. ఇప్పుడు బుద్ధి తెచ్చుకున్నాడు. ప్రతి శుక్రవారం మా ఇంటికొచ్చి నా కుక్కకు సంతోషంగా స్నానం చేయిస్తా ఉన్నాడు. మారిన మనిషి గాబట్టి దయ చూపించండి."

భోజన్నకు ఒళ్లు మండిపోయింది. సంతోషంగానట! చీము కడిగిన చేతుల మీద కడుపునిండా సంతోషం ఉందట! కాగితం లాక్కుని చించబోయాడు. అంచు కాస్త చిరిగింది కూడా. అంతలో చెయ్యి ఆగిపోయింది. ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు.

"మొదట్ల ఏమన్నవ్? మల్ల సదువు."

"నా పెంపుడు కుక్కకు స్నానం చేయించమని..."

"కింద సంతకమున్నదా?"

"సంతకముంది, పేరు కింద రిటైర్డ్ మేజర్ అని గూడా ఉంది." ఇస్సాక్ చటుక్కున తలెత్తాడు. "అప్పా భోజన్నా! ఆజ్ఞ ఏందో ఆయనే రాసిచ్చినాడు గదప్పా!"

పదిహేనేళ్లు ఎవరూ చెప్పని సాక్ష్యం అది. దయ చూపిస్తున్నాననుకుని గొప్పకు పోయి, ఆ మనిషే తన చేత్తో రాసి పారేశాడు. సిపాయి చేత కుక్కను కడిగించడం తప్పని అతనికి ఆనాడూ తోచలేదు, ఈనాడూ తోచలేదు. ఆ తోచకపోవడమే భోజన్నకు ఎక్కువ చీదర పుట్టించింది.

ఇస్సాక్ కాగితాన్ని ఫొటో తీసి వకీలుకు పంపాడు. గంటలో వకీలు ఫోన్ చేసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. అసలు కాగితం కొరియర్‌లో పంపమన్నాడు. భోజన్న కాసేపు నసిగాడు.

"సార్, ఆఖరుకు ఉన్నది కొట్టేసి పంపొచ్చునా? గా సంతోషంగ అన్నది."

"ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. మొత్తం కాగితం కోర్టులో చదువుతారు" అన్నాడు వకీలు.

అంటే నల్లకోటు వాళ్లందరూ వింటారు. కుక్కను కడగనని మిలట్రీనే పోగొట్టుకున్నవాడు, పదిహేనేళ్ల తర్వాత వెళ్లి ఆరు వారాలు కడిగాడని వింటారు. భోజన్న ముఖం జేవురించింది. ఉత్తరం మడిచి కవరులో పెట్టాడు. తర్వాత అంటించి ఇస్సాక్‌కు ఇచ్చేశాడు.

"సదువనియ్ భాయ్. కడిగింది నేనే గద. గిది గూడ నాదే, ఎవ్వలి మీద తొయ్య."

మరుసటి జుమ్మాకు కవరు సికింద్రాబాద్‌లో వకీలుకు చేరింది. ఆ రోజు పొద్దున తొమ్మిదైనా భోజన్న లేబర్ క్యాంపులో మంచం దిగలేదు. ఫోన్ మోగింది. మేజర్ సాబ్.

"ఎక్కడ చచ్చావు? కుక్క ఎదురుచూస్తోంది."

భోజన్న లేచి కూర్చున్నాడు. గదిలో మిగతా ముగ్గురూ ఇటే చూస్తున్నారు.

"నహీ సాబ్."

అవతల బూతులు మొదలయ్యాయి. విశ్వాసం లేదన్నాడు, రేపే పనిలోంచి తీసేసి ఎగ్జిట్ కొట్టిస్తానన్నాడు, ఇండియా విమానం ఎక్కించేదాకా నిద్రపోనన్నాడు. చెయ్యగలడని భోజన్నకు తెలుసు. అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, హిందీలోనే నిదానంగా చెప్పాడు.

"తీసెయ్యండి సాబ్. ఒక్కటే అర్జీ. కాగితంలో ఈసారి ఆజ్ఞ అని రాయకండి. కుక్క అని రాయండి."