గుండు తగిలిన గుమ్మడికాయ

నేను సూర్యాపేట క్రైస్తవ సంఘంలో ఉపదేశిగా కుదిరిన కొత్తలో, పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, మా కోత పండుగకు ఒక మిలిటరీ ఆఫీసరు వచ్చాడు. కోదాడ బాటలో దిగిన దండులో ఆయన పని తుపాకులు పేల్చడం కాదు, పేలుతుంటే ఫిల్ము తీయడం. కోస్తా మనిషి, విశ్వాసి, పాటలు బాగా పాడేవాడు.

కోత పండుగనాడు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. ఆ ఏడు అన్నిట్లోకీ పెద్దది ఒక విధవరాలు తెచ్చిన గుమ్మడికాయ. మిర్యాలగూడ బియ్యం మిల్లులో పనిచేసే ఆమె ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో ఇంటికొస్తే, వాణ్ణి బతికిస్తే గుడిసె మీది తీగకు కాసిన మొదటి కాయ నీదే ప్రభువా అని మొక్కుకుంది. పిందె మీదనే గోటితో సిలువ గీసింది. కాయతోపాటు సిలువా పెరిగి జానెడయింది. కొడుకూ లేచి తిరిగాడు.

వేలం నేనే వేశాను. ఆఫీసరు ఎవరికీ అందనంత పాట పాడి కాయ దక్కించుకున్నాడు. దండులో ఏదో పెద్ద వంట ఉన్నట్టుందని నేను స్తోత్రం చెప్పాను.

"వంటకేంటండీ! రేపు దీన్ని కాల్చి ఫిల్ము తీస్తామండీ. తూటా తగిలిన క్షణంలో ఏమవుతుందో మన కంటికి అందదు. నా కెమెరాకి అందుద్ది" అన్నాడాయన సంబరంగా.

విధవరాలు అక్కడే నిలబడి ఉంది. నా వైపు తిరిగింది.

"దేవునికిచ్చిన కాయను తుపాకి పాలు జేస్తవా అయ్యగారు? మొక్కు పలిగినంక నా కొడుకు దక్కుతడా?"

మొక్కు ముట్టింది, ఇక కాయతో నిమిత్తం లేదని వాక్యం తీసి చెప్పాను. ఆమె ఇంటికి పోయి, కొడుకు బయటికి పోకుండా గడపకడ్డంగా కూర్చుంది. కొత్త వడ్లు వచ్చేలోగా రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని మిల్లు మేస్త్రీ కబురంపాడు. కొడుకు నా దగ్గరకొచ్చి మొత్తుకున్నాడు.

"జ్వరం ఇడిసింది గని అవ్వ ఇడుస్తలేదయ్యగారు. గుమ్మడికాయను గాల్చిండ్రని నేను మిల్లుకు పోవద్దంటది. ఎవలికన్న జెప్తే నవ్వుతరు."

కాల్చడం నేను కళ్ళారా చూశాను, అంటే ఏమీ చూడలేదు. ఎండ సరిపోదని రేకులు అడ్డం పెట్టి వెలుగంతా కాయ మీదికి మళ్ళించారు. కెమెరా కందిరీగల తుట్టెలా మోగింది. రీలంతా ఒక్క గుక్కలో అయిపోతుందట, ఆలోపే తూటా తగలాలట. ఢాం అన్నది. కాయ ఉన్నచోట కాయ లేదు. ఆఫీసరు టోపీ మీద, నా తెల్ల అంగీ మీద గుజ్జు ఉంది. మిగిలింది మేకలు తిన్నాయి.

ఫిల్ము కడిగించుకొని వచ్చాక, మందిరంలోనే వేసి చూపిస్తానన్నాడు ఆఫీసరు. విధవరాలు రాకూడదని ప్రార్థన చేశాను. వచ్చింది. మొదటి వరసలో కూర్చుంది, వెనక కొడుకు.

పొద్దు గుంకగానే గోడమీది దుప్పటిలో కాయ ప్రత్యక్షమైంది, సిలువతో సహా. తూటా ఎడ్లబండి వచ్చినట్టు వచ్చింది. సిలువ పక్కన చిన్న బొక్క పడింది. తొక్క చెరువు నీళ్ళలా అలలు పోయింది. తర్వాత కాయ నెమ్మదిగా విచ్చుకుంది, గింజలు పిట్టల గుంపులా లేచాయి.

"అయ్యో, నా కొడుకా!" అని ఆమె గుండె బాదుకుంది.

"ఇక్కడున్ననే అవ్వా!" అన్నాడు వెనకనుంచి కొడుకు.

ఏడుపు విని కంగారుపడ్డ ఆఫీసరు మిషను మీద ఏదో మీట తిప్పాడు. లేచిన గింజలు ఆగాయి. మళ్ళీ గూటికి చేరాయి. ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి అతుక్కున్నాయి. బొక్క పూడింది. తూటా వచ్చిన దారినే వెనక్కి పోయింది. సిలువ చెక్కుచెదరకుండా నిలిచింది.

మందిరమంతా స్తోత్రం అన్నది. అంతమంది ఒక్కసారి స్తోత్రం అనడం నా ప్రసంగాలకు ఎన్నడూ జరగలేదు.

"అవ్వా, అది రీలు వెనక్కి తిరిగిందంతే" అన్నాను.

"తిప్పిందెవలు?"

"ఆఫీసరు గారు."

"ఆయన చెయ్యి తిప్పిందెవలు?"

బైబిలు స్కూల్లో చదివినదంతా మనసులో తిరగేయడం మొదలుపెట్టాను. ఈలోపు ఆఫీసరు మళ్ళీ మీట మీద చెయ్యి వేశాడు. ఆమె లేచి ఆ చెయ్యి పట్టుకుంది.

"మల్ల ముందుకు తిప్పినవో సూడు! గిట్లనే ఉండనియ్యి."

"సరేనమ్మా, తిప్పను. ఒట్టు" అన్నాడు పాపం.

మిషను పెట్టెలో పెట్టి, మూత వేసి, జీపెక్కించేదాకా ఆమె దాని పక్కనుంచి కదల్లేదు. ఆ తర్వాతే కొడుకు వైపు తిరిగింది.

"ఇగ పో బిడ్డా. రేపు పొద్దుగాల బస్సుకే పో. మేస్త్రీ ఎదురుసూస్తుండొచ్చు."

ఆ ఆదివారం నేను పునరుత్థానం గురించి చెప్పాను. ఆమె మొదటి వరసలో కూర్చుని, కళ్ళారా చూసినదాన్ని ఇంకొకరు చెబుతుంటే వింటున్నట్టు, అక్కడక్కడ ఓపిగ్గా తలూపింది.