గుడ్డ కప్పిన బొమ్మ

చిత్రకళా ప్రదర్శన చూద్దామని విశాఖ నుంచి శామీర్‌పేట వెళ్లాను. నేను లోపలికి అడుగుపెట్టేసరికి, దేశం విడిచి వచ్చిన ఓ విదేశీ చిత్రకారిణి వేసిన బొమ్మకు నిర్వాహకులు తెల్లగుడ్డ కప్పుతున్నారు. ఆమె దేశపు రాయబార కార్యాలయం నుంచి ఫోనొచ్చిందట. ఆమె ఆ బొమ్మ పక్కనే నిలబడి ఉంది. అక్కడున్న ఎవరూ ఆమె మొహం చూడలేదు. నేనూ చూడలేదు.

హాలు ఊడుస్తున్న యాదమ్మ నా దగ్గర ఆగింది.

"ఏంది సారూ, ఎలచ్చన్లొచ్చినయా? ఓట్లప్పుడు మా చౌరస్తల లీడర్ల విగ్రహాలకు గిట్లనే గుడ్డ గప్తరు."

"కాదమ్మా. వాళ్ల దేశం వాళ్లే కప్పమన్నారు."

"అయితే ఆల్ల దేశంల ఎలచ్చన్లున్నట్టే. ఫికర్ జెయ్యద్దని చెప్పుండ్రి. ఓట్లు అయిపోంగనే తీసేస్తరు."

ఆ మాటలే చిత్రకారిణికి ఇంగ్లిషులో చెప్పాను. ఆమె యాదమ్మ వైపు తిరిగింది.

"మా దేశంలో ఎన్నికలు ఉండవని ఆమెకు చెప్పండి" అంది.