శుభలేఖలో అచ్చయిన కోడు

మాఘమాసం, శుక్రవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలు. పదిన్నరకు రాహుకాలం. గొడవంతా ఆ తొందరలోనే పుట్టింది.

హిందూపురంలో మా కోడలు కంప్యూటరు మీద శుభలేఖలు కూర్చి అచ్చువేసే అంగడి కొత్తగా పెట్టింది. ధర్మవరం పట్టుచీరల షావుకారు కూతురి పెండ్లి కార్డే మొదటి పెద్ద పని. అది చెడితే ఇంకే షావుకారూ మా గడప తొక్కడు. ప్రూఫు చదివేది నేను. మనవళ్ళు పుట్టినాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, వేలు పెట్టి నిదానంగా చదువుతాను. షావుకారు ఆగలేదు. మొదటి కార్డు రాగానే లాక్కుని నాలుగు మూలలా పసుపు పూసేశాడు. పసుపు పూశాక అది దేవుడి ముందుకు పోవాల్సిందే, చించకూడదు.

అప్పుడు పైకి చదివాను. "ఆహ్వానించువారు" కింద ఏవో ఇంగ్లీషు ముక్కలు, బ్రాకెట్లు, వాటి మధ్య తెలుగులో: "పెద్దాయన్ను పైన పెట్టాలి. చిన్నాయన్ను కిందికి తోసెయ్యాలి."

షావుకారు తమ్ముడు, పెనుకొండలో ఉండేవాడు, నా పక్కనే ఉన్నాడు.

"ఏంన్నా, పసుపు పూసి మరీ తోసేస్తాండావా నన్ను?"

"నేను యాడ రాసినాన్రా!"

"నేను పెండ్లికి రాను. ఎట్ల చేస్తావో చేసుకో పో."

కోడలు కార్డు తీసుకుని చూసింది. "మామా, పేర్లను వయసు ప్రకారం పేర్చమని కంప్యూటరుకు రాసిన కోడు అది. ఆ తెలుగు మాటలు నాకోసం రాసుకున్నా. అంతా కార్డు ఫైలులోనే ఇరికిచ్చినా. కోడు మొదలయ్యే గుర్తు మర్చిపోతే అట్లే అచ్చేసింది. వేరే ఫైలులో పెట్టి, ఈడ దాని పేరు రాసి పిలిస్తే చాలు."

"ముందే పెట్టింటే నీ సొమ్మేం పోయె?" అన్నాను.

పెట్టింది. పేర్లు పేర్చే కోడు ఒక ఫైలు, తేదీని తెలుగులోకి మార్చేది ఇంకొకటి. కార్డు ఫైలులో అచ్చయ్యే మాటలూ, ఆ ఫైళ్ళను పిలిచే పంక్తులూ మిగిలాయి. కొత్త కార్డు శుభ్రంగా వచ్చింది.

తమ్ముడు చల్లబడలేదు. "ఆ మాట ఈడ లేదు సరే. ఆ ఇంకో ఫైలులో ఉండాదా?"

"ఉండాది సార్. కానీ అది అచ్చు కాదు."

"అంటే లోపల్లోపల తోస్తాండారు!"

"ఏమప్పా, కంప్యూటరు కడుపులో మాట నీకెందుకు?" అన్నాను.

"కడుపులో ఉండేదే అసలు మాట!"

కోడలు ఫైలు తెరిచి మార్చింది: "చిన్నాయన్ను గౌరవంగా అన్న పక్కన కూర్చోబెట్టాలి." తమ్ముడు దాన్ని నాతో గట్టిగా చదివించుకున్నాడు.

"ఏ పక్కన?"

"కుడి పక్కన" అని చేర్చింది.

ఆ మాటల్ని కంప్యూటరు చదవనే చదవదట. మళ్ళీ కార్డు తీస్తే ఆయన పేరు అన్న పేరు కిందనే పడింది. అయినా తమ్ముడు తృప్తిగా తల ఊపి, "పెండ్లికి ముందురోజే వస్తా" అన్నాడు.

ఆ రోజు అంగడిలో ఉన్నవాళ్ళం: నేను, మా కోడలు, ధర్మవరం షావుకారు, కుడి పక్కన కూర్చున్న ఆయన తమ్ముడు, గూట్లో దేవుడు, ఆ దేవుడి ముందు చిన్నాయన్ను తోసెయ్యమనే పసుపు కార్డు.