గుర్రం దగ్గరికి వేసుకెళ్లే చొక్కా

గుర్రప్పందేలకి ఏం కట్టుకుని వెళ్లాలన్న విషయం మీద మా ఇంట్లో నాలుగు రోజులు గొడవ నడిచింది. ఖరగ్‌పూర్‌లో, అందులోనూ మా ఝపటాపూర్‌లో, ఇలాంటి ప్రశ్న ఎవరికీ ఎదురు కాదు. పెళ్లికి ఏం కట్టాలో, పరామర్శకి ఏం కట్టాలో, దుర్గాపూజలో ఏ రోజు ఏ చీర తియ్యాలో మా అమ్మకి కొట్టిన పిండి. గుర్రాల ముందు ఎలా కనబడాలో మాత్రం ఆవిడకీ తెలీదు. తెలీదని ఊరుకునే మనిషైతే మా అమ్మ ఎందుకవుతుంది?

"పట్టుచీర కట్టు. మెడలో గొలుసేసుకో. పెద్దోళ్లొచ్చే సోటు," అని తేల్చేసింది.

ఇదంతా నా దగ్గర చదువుకున్న ఒక బెంగాలీ అమ్మాయి వల్ల వచ్చింది. నేను ఇక్కడి బడిలో లెక్కలు చెబుతాను. ఆ అమ్మాయికి లెక్కలు ఒంటబట్టలేదు గానీ, పశువుల డాక్టరయింది. ఇప్పుడు కలకత్తాలో పందెపు గుర్రాలకి వైద్యం చేస్తోంది. ఆ చలికాలం ఒకరోజు ఫోన్ చేసి, బెంగాలీ పిల్లలు టీచర్ని పిలిచే పిలుపుతోనే, "దీదీమణీ, వచ్చే శనివారం రండి. పెద్దవాళ్లు కూర్చునే వైపుకి పాసులు ఇప్పిస్తాను," అంది. నాకు పందేల మీద సరదా ఏమీ లేదు. చూద్దాంలే అని, మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటవరసకి నాన్నతో అన్నాను. ఆయన నోటి దాకా తీసుకెళ్లిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అంతకు ముందు మా తాత ఆమదాలవలస స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. నాన్నకి పన్నెండేళ్లు వచ్చేదాకా ఆ గుర్రం పక్కనే బతుకు. తర్వాత తాతకి ఇక్కడ ఖలాసీ ఉద్యోగం దొరికింది, గుర్రాన్ని అమ్మేసి అందరూ రైలెక్కేశారు. వయసులో ఉన్నప్పుడు నాన్న శనివారాలు స్నేహితులతో కలకత్తా పందేలకి వెళ్లేవాడు. వాళ్లు పందెం కాయడానికి, ఈయన గుర్రాలని చూడ్డానికి. చవక టిక్కెట్టు వైపు నుంచి అవి దూరంగా పరిగెడుతూ కనబడేవట.

"కోట్లేసుకున్నోళ్లేపు అయితే, పందేనికి ముందర గుర్రాల్ని నడిపించి సూపిస్తారమ్మా. సెయ్యి సాస్తే అందుతాయి," అన్నాడు ఆ రోజు. మళ్లీ అన్నం కలుపుతూ, "నాకు దూరంగా పరిగెత్తేది గుర్రమో గేదో ఏటి తెలుస్తాది? దగ్గర నించుంటే సూడగల్ను. ఇంకో ఏడాది పోతే అదీ నేదు," అన్నాడు.

నాన్నకి నీటికాసులు. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి మూరెడు దూరంలో ఉన్నది కనిపిస్తుంది, ఆ పైన అంతా మసక. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని కళ్ల డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆయన ఆ విషయం ఎత్తగానే వెళ్దామన్నాను. ఈయన కంటిచూపు ఉండగా ఒక్కసారి గుర్రాన్ని దగ్గరగా చూపించాలి, అంతే. ఇంక నాకు వేరే ఆలోచన లేదు.

ఆ సాయంత్రమే ఫోన్లో నియమాలు వచ్చాయి. మగవాళ్లకి కాలరు చొక్కా, కోటు, బూట్లు. చెప్పులు పనికిరావు. కోటు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. నాన్న జన్మలో కోటు తొడుక్కోలేదు.

బూట్లు నేను కొన్నాను. ఇక కోటు. పెళ్లికొడుకుల సూట్లు వీధిలో రెండు మూడు ఇళ్లలో ఉన్నాయి గానీ, ఒకటి మెరుస్తోంది, ఒకటి నాన్నకి మోకాళ్ల దాకా వచ్చింది. ఇంతలో పక్కింటి మామయ్య గోడ మీంచి తొంగిచూసి, "కోటు కోసం ఊరంతా తిరగడమేటి? నా దాన్లో ఏటి తక్కువ?" అన్నాడు. ఆయన రిటైరైన టికెట్ కలెక్టరు. ట్రంకు పెట్టెలోంచి నల్లకోటు తీసి, కలరా ఉండలు దులిపి నాన్నకి తొడిగాడు. కొలతకి కుట్టినట్టు సరిపోయింది. రైల్వే వాళ్ల లోకంలో కోటంటే నల్లకోటే. ఒక్కరికైనా అనుమానం రాలేదు. నేనూ ముచ్చటపడి ఫోటో తీశాను. లెక్కల టీచర్ని, రెండూ రెండూ కలపలేకపోయాను.

అసలు తగువు చొక్కా దగ్గర వచ్చింది. నాన్న పెరట్లో ఆనపపాదు దగ్గర పనిచేసేటప్పుడు వేసుకునే నీలంరంగు చొక్కా ఒకటుంది. కాలరు చిరిగితే అమ్మ తిప్పి కుట్టించింది. ప్రయాణం అనుకున్న రోజు నుంచీ ఆయన దాన్ని ఒంటి మీంచి తియ్యలేదు. పడుకున్నా అదే, లేచినా అదే. ఉతుకుతానంటే ఇవ్వడు. స్నానం చేసి మళ్లీ అదే తొడుక్కుంటాడు.

"కొత్తది కొన్నాను నాన్నా, తెల్లది. కోటు కింద బాగుంటుంది."

"నాకిదే సాలు."

"నలుగురూ ముక్కు మూసుకుంటారు."

"మూసుకోనీ."

"కంపు కొడుతున్నావు నాన్నా!" అని శనివారం పొద్దున్న అరిచాను. అరిచాక బాధపడ్డాను గానీ, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నాదీ ఆయన పోలికే. అమ్మ మధ్యలో దూరి, "ఆ కోటు బొత్తాలన్నీ పెట్టీసి తీసుకెల్లు. లోపలేటుందో ఎవుడు సూస్తాడు?" అని రాజీ చేసింది. నేను మాత్రం పట్టుచీర కట్టలేదు. ఆకుపచ్చ అంచు నూలుచీర కట్టి, అమ్మకి కోపం రాకుండా గొలుసు వేసుకున్నాను.

హౌరా లోకల్ ఎక్కాం. పెట్టెలోకి అడుగుపెట్టగానే కిటికీ పక్కన కూర్చున్న కుర్రాళ్లు ముగ్గురు లేచి అటు తలుపు వైపు వెళ్లిపోయారు. నాన్న మురిసిపోయాడు. "సూసినావా, ముసిలోడ్ని సూసి సోటిచ్చినారు. లోకం అంత సెడిపోనేదు," అన్నాడు. ఎదుటి సీట్లో ఒకాయన జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. అటువైపు ఇద్దరు రైలు పాసులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అప్పటికి వెలిగింది నాకు. నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. ఈయనకేమో అవేవీ కనబడవు. గంభీరంగా కిటికీలోంచి బయటి మసకని చూస్తున్నాడు.

పాఁశ్‌కుడాలో పూలబుట్టతో ఒక ముసలావిడ ఎక్కింది. నాన్నని చూడగానే బుట్ట కింద పెట్టి చేతులు జోడించింది. ఇవాళ టిక్కెట్టు తీసుకోవడానికి వేళ చాలలేదు బాబూ, వదిలెయ్యి, అని బెంగాలీలో బతిమాలింది. గొంతు దగ్గరగా వినబడేసరికి నాన్న ఉలిక్కిపడ్డాడు. సంగతి అర్థమయ్యాక ఆయన మొహం మాడిపోయింది. "నేను టీటీని కాదు దీదీ, కూచో," అని ఆయనా బెంగాలీలో చెప్పి, గబగబా కోటు విప్పి మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవిడ అనుమానంగా చూసి, ఆ చొక్కా చూశాక నమ్మింది.

మిగతా దారంతా నాన్న ఆ కోటు బొత్తాలు తడుముతూనే ఉన్నాడు. హౌరాకి ముందొచ్చే సాంత్రాగాఛీ దాటాక, "వేరేవోడి డ్యూటీ కోటు తొడుక్కుని మనుసుల్ని బెదిరించినాను. ఆ గేటు కాడా ఇదే అబద్ధం. నాకొద్దమ్మా, ఎనక్కెల్లిపోదుం," అన్నాడు. నలభై ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా హాజరు కార్డు కొట్టని మనిషి. అంటే అన్నాడని ఊరుకోలేం, నిజంగా దిగి వెనక బండి ఎక్కేస్తాడు. నాకు భయం వేసింది. ఇంత దూరం వచ్చి, గుర్రాన్ని చూడకుండా తిరిగి వెళితే మళ్లీ ఎప్పుడు వస్తాం? "ఎవరైనా అడిగితే నిజం చెప్పేద్దాం. పొమ్మంటే వచ్చేద్దాం," అన్నాను. దానికి ఒప్పుకున్నాడు.

అడిగారు. గేటు దగ్గర తలపాగా చుట్టుకున్న పెద్దమీసాల గార్డు పాసు చూశాడు, బూట్లు చూశాడు, నాన్న మళ్లీ తొడుక్కున్న కోటుకున్న ఇత్తడి బొత్తాలు చూశాడు. "టీటీ సాబ్?" అన్నాడు.

"నహీ జీ. నేను వర్క్‌షాప్ ఫిట్టర్ని. ఈ కోటు పక్కింటాయనది," అని నాన్న హిందీలో అప్పజెప్పేశాడు. అడగనివి కూడా చెప్పాడు, పెట్టె, కలరా ఉండలు, అన్నీ. నేను కళ్లు మూసుకున్నాను.

గార్డు మీసాలు కదిలేలా నవ్వాడు. "కోటు ఉండాలన్నారు గానీ, ఎవరిదై ఉండాలో మాకు చెప్పలేదు. ఠీక్ హై, జాయియే," అన్నాడు. ఆయన్ని అక్కడే కావలించుకోవాలనిపించింది.

లోపల మా వేషాలని పట్టించుకున్నవాళ్లు ఎవరూ లేరు. టోపీ పెట్టుకున్న ఆడవాళ్లుంటారని నేను అనుకున్నాను, ఇద్దరే కనబడ్డారు. మిగతావాళ్లు మాలాగే చీరల్లో ఉన్నారు. నా ఎత్తు మడమల చెప్పులు మాత్రం గడ్డిలో దిగబడి, అడుగడుక్కీ పీక్కోవలసి వచ్చింది. గుర్రాలని తిప్పే చోట నాన్నని కమ్మీ దగ్గర నిలబెట్టాను. అవి ఒక్కొక్కటే వచ్చాయి. కానీ వాటికీ కమ్మీకీ మధ్య నాలుగు గజాలుంది. చెయ్యి చాస్తే అందేంత దగ్గర కాదు. అదంతా పాత రోజుల మాట, లేదా నాన్న వయసులో కట్టుకున్న ఊహ. మసకలో గోధుమరంగు గోడలు కదిలినట్టుంది అన్నాడు. బాగుందిలే అని కూడా అన్నాడు, నా కోసం. ఆ 'లే'కి నా ప్రాణం ఉసూరుమంది.

పందేలయ్యాక నా శిష్యురాలు వచ్చింది. నాన్న కళ్ల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "దాదూ, నాతో రండి," అని గుర్రాలకి వైద్యం చేసే పాక వైపు తీసుకెళ్లింది. అక్కడ ఒక ముసలి గుర్రం ఉంది. పందేలు మానేసి చాలా కాలమైందట, సాధు జంతువట. నాన్న దగ్గరికి వెళ్లాడు. అది చెవులు వెనక్కి పెట్టి, తల అటు తిప్పేసుకుంది.

నాన్న కంగారు పడలేదు. రెండడుగులు వెనక్కి వేసి, బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, కోటు నా చేతికిచ్చాడు. "కలరా ఉండల కంపు దానికి పడదు," అన్నాడు. ఆ నీలం చొక్కాతో, చేతులు కిందకి వేలాడేసి, ఊరికే నిలబడ్డాడు.

"మా నాన్న పండక్కి కూడా గుర్రం కాడికి కొత్త బట్టల్తో ఎల్లనిచ్చీవోడు కాడు," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "సబ్బు వాసనొస్తే మనిసెవుడో దానికి తెలీదంట. నాలుగు రోజులు ఒంటి మీదుంచిన బట్ట అయితే, మనిసి ఎలాటోడో దానికే తెలుస్తాదంట."

గుర్రం చెవులు ముందుకి వచ్చాయి. మెడ చాపి, ముక్కు నాన్న ఛాతీ మీద ఆనించి గట్టిగా పీల్చింది. చొక్కా బొత్తాల దగ్గర, చంక దగ్గర, తిప్పి కుట్టిన కాలరు దగ్గర తీరిగ్గా వాసన చూసింది. తర్వాత గడ్డం ఆయన భుజం మీద పెట్టింది. దాని కన్ను ఆయన ఎడమకంటికి జానెడు దూరంలో ఉంది.

"కనురెప్పల ఎంట్రుకలు కనపడతన్నాయమ్మా," అన్నాడు నాన్న. "తెల్లగున్నాయి. ముసిల్దయిపోనాది, నాలాగే."

కంపు కొడుతున్నావని అరిచిన నా నోటిని ఏం చెయ్యాలో తెలియలేదు. కోటు గుండెలకి హత్తుకుని, సిగ్గు పడుతూ, సంతోషపడుతూ, రెండూ ఒకేసారి, అలా నిలబడిపోయాను. వెళ్లాల్సిన వేళ అయిందని నా శిష్యురాలు మూడుసార్లు చెప్పాక గానీ ఆయన కదల్లేదు.

తిరుగుబండిలో కోటు సంచీలో ఉంది. ఎవరూ లేచి చోటివ్వలేదు. సాంత్రాగాఛీ దాకా నిలబడే వచ్చాం. నాన్న మాత్రం ఆపకుండా మాట్లాడాడు.

మర్నాడు మామయ్యకి కోటు ఇచ్చి వచ్చేసరికి అమ్మ పెరట్లో సబ్బునీళ్లు కలిపి, నీలం చొక్కా ముంచబోతోంది. భుజం మీద గుర్రం చొంగ ఆకుపచ్చగా ఎండి ఉంది. పరిగెత్తుకెళ్లి ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను.

"నిన్నటి దాకా ఉతకమని సంపినావు. ఇప్పుడేటొచ్చింది నీకు?" అంది అమ్మ.

"వచ్చే ఏడాది మళ్లీ తీసుకెళ్తాను. అప్పటికి నాన్నకి గుర్రం కనబడుతుందో లేదో," అన్నాను. "గుర్రానికైనా నాన్న తెలియాలి కదమ్మా."