దించే దరువు

మా పాట పూనకం మీద. అమ్మవారు పూనిందనో, గాలి సోకిందనో ఆడవాళ్లను జుట్టు పట్టి వేపమండలతో బాదే మంత్రగాళ్ల మీద. తిరుపతిలో మా హేతువాద సభలకు వచ్చేవాళ్లలో సగం మంది మాతో పోట్లాడడానికే వచ్చేవాళ్లు. అదే మాట ఎలక్ట్రిక్ గిటారుతో చెబితే కాలేజీ పిల్లలు వింటారని నేను వాదించాను. మాటలు నావి. గిటారూ గొంతూ నా స్నేహితుడివి.

ఎనభైలలో మా ఊరివాళ్లకు రికార్డింగ్ అంటే మద్రాసే. స్నేహితుడి అన్న కువైట్ నుంచి నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్ పంపడంతో మాకు మద్రాసు అవసరం తప్పింది. ఒక్కో వాయిద్యాన్ని విడిగా పట్టుకుని, ఆ తర్వాత ఏది ఎంత వినబడాలో మీటలు జరిపి తేల్చుకోవచ్చు. వాళ్ల మిద్దె మీది గదిలో గోడలకు పాత బొంతలు వేలాడదీసి, దాన్నే స్టూడియో అన్నాం.

డ్రమ్సు లేవు. జాతరల్లో పంబ వాయించే పెద్దాయన్ను వడమాలపేట నుంచి పిలిపించాం. పూనకం తెప్పించే దరువు కొట్టాక చాలని మిషన్ ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిలిచినాక పంపాల గదప్పా. దించే దరువు కొట్టకుండా పంబ కింద పెట్టేది లేదు."

"ఎవురూ రాలేదు గద పెద్దాయనా. ఎవుర్ని పంపిస్తావు?" అన్నాడు స్నేహితుడు.

"ఆచారానికి నీ లెక్క అక్కర్లేదులే" అని ఆయన తన పని పూర్తి చేసుకున్నాడు. టేపు మిగిలి ఉంది కాబట్టి అదీ పట్టుకున్నాం.

ఒక మధ్యాహ్నం మిక్సింగు మొదలుపెట్టాం. గిటారు పెంచితే గొంతు మునిగిపోయేది. గొంతు పెంచితే పాట ఉపన్యాసమయ్యేది.

"నీ మాటలకు గిటారెందుకబ్బా, మైకుసెట్టు సాలు" అన్నాడు స్నేహితుడు.

చివరికి బేస్ తగ్గించి పంబ మీటను పైకి తోశాను. బొంతల వెనక గోడ అదిరింది. పాటకు అప్పుడు ప్రాణం వచ్చింది. అయితే చివర్లో వచ్చే దించే దరువు నాకు నచ్చలేదు. మా పాట ఎవరినీ శాంతపరచకూడదు. అందుకని దరువు ఉధృతంగా ఉన్నచోటే మీటలన్నీ మెల్లగా కిందికి లాగి ముగించాం. అదే ముగింపును సరిచూసుకుంటూ మళ్లీ మళ్లీ పెట్టాం. దరువు ప్రతిసారీ పైకెక్కేది, దిగకుండానే మాయమయ్యేది.

ఒకసారి టేపు ఆగింది, చప్పుడు మాత్రం ఆగలేదు. కింద వంటింట్లో ఎవరో మడమలతో నేలను తంతున్నారు.

స్నేహితుడి వదిన. కువైట్‌లో ఉన్న అన్న భార్య, ఐరాల వైపు పిల్ల. అప్పటిదాకా ఆమె గొంతు నేను వినలేదు. కాఫీ గ్లాసు గడప మీద పెట్టి గాజులు కదిలించేది, అంతే. ఇప్పుడు జుట్టు విరబోసుకుని అత్తను పేరుపెట్టి పిలుస్తోంది.

"నా పుట్టింటోళ్లు ఎండన పడి వస్తే వాకిట్లో నించే పంపిస్తివి గదే. కూసోమంటివా? సెంబుడు నీళ్లిస్తివా?"

ఎవరికీ తలవంచని ఆ అత్త, నా స్నేహితుడి తల్లి, చేతులు జోడించింది. "తప్పయిపాయ తల్లీ."

ఇరుగుపొరుగు గుమిగూడారు. "గాలో అమ్మవారో ఆయనొచ్చి తేలుస్తాడులే" అంటూ ఒకడు మంత్రగాడి కోసం సైకిలెక్కాడు. స్నేహితుడు నా చెయ్యి పట్టి మెట్ల వైపు లాగాడు.

"వాడొచ్చినాడంటే మా వదినె ఒళ్లు హూనం సేస్తాడు. ఆ దించే దరువు పెట్టప్పా."

"కాసేపటికి అదే తగ్గుతుంది. దరువుతో తగ్గిందంటే మనం ఇన్నాళ్లూ చెప్పినదేమిటి?"

"అదంతా మీటింగులో సూసుకుందాం. ముందు పెట్టు."

పెట్టాను. మిగతా మీటలన్నీ దించి, పంబ ఒక్కటే వినిపించాను. మంత్రగాడు వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని మంచినీళ్లు తాగుతోంది. మళ్లీ అవసరం పడుతుందేమోనన్న భయంతో స్నేహితుడు ఒక క్యాసెట్‌కు ఒక వైపు పిలిచే దరువు, మరో వైపు దించే దరువు ఎక్కించి ఇంట్లో ఉంచాడు. అసలు టేపును నేను తెచ్చేసుకున్నాను.

తర్వాతి మంగళవారం వెళ్లేసరికి మా స్టూడియో గడపకు పసుపు పూసి ఉంది. టేప్‌రికార్డర్‌కు కుంకుమబొట్టు. మెట్ల పొడవునా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అత్త బటన్లు నొక్కడం నేర్చుకుంది.

"బాగుండాది నాయనా" అంది నాతో. "పిలిచేది పెడితే అమ్మ నా కోడలి మీదికొస్తాది. వచ్చినోళ్లు అడగాల్సింది అడుక్కుంటారు. మాట నా మీదికి తిరిగిందంటే క్యాసెట్టు తిప్పి దించేస్తాను."

ఏ మంత్రగాడికీ ఇంత నైపుణ్యం లేదు. మా పాట తిట్టిన దెబ్బలకు కనీసం వాతలు తేలేవి.

అత్త స్నానానికి దిగగానే వదిన గదిలోకి వచ్చింది.

"అన్నా, ఆ దించేది తుడిపేసేకి అవుతుందా?"

"నీకు నిజంగా పూనుతుందా అమ్మా?"

"అది తేల్చే పని నీది. నాకు మాట్లాడే పని ఉండాది. సగంలో నోరు మూసేస్తాండాది మాయత్త."

"మళ్లీ మంత్రగాణ్ణి పిలిపిస్తే?"

ఆమె మెట్ల వైపు చూసింది. "పిలిపించనీ. ఈళ్లు రానిస్తారా?"

ఆ చూపు నన్ను భయపెట్టింది. మంత్రగాడి మీద నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. మెట్ల మీద కూర్చున్న ఆ ఆడవాళ్ల గురించి ఏ సభలోనూ మాట్లాడలేదు. అయినా క్యాసెట్టు తిప్పి, మైకు లేకుండా రికార్డు బటన్ నొక్కాను. తుడిచిపెట్టడం పూర్తయ్యేదాకా ఆమె తలుపు దగ్గరే నిలబడింది.

పూజ మొదలైంది. పిలిచే దరువు లేచింది. వదిన పూనకంలో ఊగుతూ, కోడలి గురించి అడిగినవాళ్లకు కోడలి గురించి, కొడుకు గురించి అడిగినవాళ్లకు కొడుకు గురించి చెప్పింది. ఆ తర్వాత అత్తను పేరుపెట్టి పిలిచింది. అత్త ఏ తొందరా లేకుండా క్యాసెట్టు తిప్పి బటన్ నొక్కింది. ఉత్త టేపు బుస. సౌండు పెంచింది. బుస పెరిగింది.

మెట్ల మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి గదిలోకి వచ్చారు. చివర వచ్చినామె తలుపు దగ్గరగా వేసింది.

"కూసో" అంది వదిన అత్తతో.

అత్త నేల మీద కూర్చుంది.